గీత ఎక్కడ గీయాలి

ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు ఖాళీల వంతు అన్నిటికంటే చివర వస్తుంది. వ్యాసరూప ప్రశ్నల దగ్గర ఎంతసేపైనా కూర్చుంటాం. ఏ పాఠానికి ఎన్ని మార్కులు, పోయినసారి ఏది వచ్చింది, ఏది తేలిక, ఏది కష్టం అని లెక్కలు వేసుకుంటాం. అదంతా అయ్యాక, ఇక బిట్లే కదా అనుకుంటూ పాఠ్యపుస్తకం తెరుస్తాం. ఒక వాక్యం కనబడుతుంది. అందులో ఒక మాట తీసేసి ఆ చోట గీత గీస్తాం. ప్రశ్న తయారైపోయింది. పది వాక్యాలు, పది గీతలు. పావుగంటలో పని ముగుస్తుంది.

ఆ పావుగంట గురించి చెప్పాలనే ఈ నాలుగు మాటలు. ఖాళీలను పూరించండి అన్న ప్రశ్న చూడటానికి చాలా చిన్నది. మా తరం పదో తరగతి రాసినప్పుడు దాని విలువ అర మార్కు. చివరి అరగంటలో పార్ట్-బి కాగితం చేతికొచ్చేది. ఆ అర మార్కుల కోసం పుట్టిన బిట్ బ్యాంకులూ గైడ్లూ ఇన్నీ అన్నీ కావు. పరీక్ష కేంద్రం గేటు దగ్గర చివరి నిమిషం దాకా పిల్లల చేతుల్లో నలిగేవి అవే. అంటే ఈ చిన్న ప్రశ్నను మనకంటే పిల్లలే శ్రద్ధగా పట్టించుకున్నారన్నమాట. పెద్దలు ఏ మాట తీసి గీత గీస్తారో వాళ్లు కనిపెట్టారు, పాఠాన్ని ఆ చూపుతోనే చదివారు. పేర్లూ సంవత్సరాలూ తీస్తే పేర్లూ సంవత్సరాలే బట్టీ పట్టారు. కారణాలు తీసి ఉంటే కారణాలు వెతుక్కునేవాళ్లు. ఇది ముఖ్యం అని తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా, పిల్లలు నమ్మేది పరీక్షలో గీత ఎక్కడ పడిందన్నదాన్నే. ఈ పాఠంలో ప్రాణం ఎక్కడుందని మనం అనుకుంటున్నామో వాళ్లకు తెలిసేది ఆ గీత వల్లనే.

నేను చెప్పే సాంఘిక శాస్త్రం నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటాను. 'గోదావరి నది ______లో పుట్టింది.' ఎన్నో ప్రశ్నపత్రాల్లో కనబడే వాక్యం ఇది. ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. పిల్లలు ఏమేం రాయగలరో చూడండి. ఒకరు మహారాష్ట్ర అని రాస్తారు. ఒకరు నాసిక్ జిల్లా అని, ఇంకొకరు పడమటి కనుమలు అని, మరొకరు త్ర్యంబకం అని రాస్తారు. శ్రద్ధగా చదివిన అమ్మాయి బ్రహ్మగిరి కొండలు అంటుంది. అన్నీ నిజాలే. కీలో మాత్రం ఒక్కటే ఉంటుంది. మిగతావాళ్లకు సున్న. అర మార్కు పోవడం పెద్ద నష్టమేమీ కాకపోవచ్చు. కానీ తనకు తెలిసిన నిజం రాసి ఎర్ర సిరా దెబ్బ తిన్న పిల్ల మరోసారి తెలిసింది రాయదు, సార్‌కి ఏం కావాలో ఊహించి రాస్తుంది. ఆ అలవాటు ఒకసారి పడితే పోగొట్టడం చాలా కష్టం.

'మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో ______ అనే ఊరి దగ్గర గోదావరి పుట్టింది' అని మార్చితే జవాబు ఒకటే అవుతుంది. పిల్లలకు అన్యాయం జరగదు. కానీ అంతటితో నాకు తృప్తి కలగదు. ఊరి పేరు తెలిసినంత మాత్రాన నది తెలిసినట్టా? గోదావరి పుట్టిన చోటు నుంచి అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్ల దూరమే. అయినా నది ఆ వైపు పోదు. 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చి బంగాళాఖాతంలో కలుస్తుంది. పిల్లల్ని పటం ముందు నిలబెట్టి ఎందుకలా అని అడిగితే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. పాఠంలో ప్రాణం అక్కడుంది. ఇప్పుడు ఖాళీని మళ్లీ రాద్దాం. 'అరేబియా సముద్రానికి అంత దగ్గరలో పుట్టినా గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. దీన్నిబట్టి దక్కన్ పీఠభూమి ______ వైపుకు వాలి ఉందని తెలుస్తుంది.' జవాబు తూర్పు. ఆగ్నేయం అని రాసినా ఒప్పే. ఆ రెండక్షరాల మాట రాయాలంటే పిల్ల మనసులో పటం విప్పుకోవాలి, నీరు పల్లానికే పోతుందన్న సంగతి గుర్తుచేసుకోవాలి, ఆ రెండిటినీ కలపాలి. ఇది పుస్తకంలోంచి ఎత్తిన వాక్యం కాదు కాబట్టి బట్టీకి దొరకదు. పాఠం విన్న పిల్లకు దొరుకుతుంది. దీని వెనకే 'నర్మద, తపతి నదులు మాత్రం ______ సముద్రంలో కలుస్తాయి' అని ఇంకొకటి పెడితే, నదులన్నీ ఒకే దారి పట్టవనీ, పగులు లోయల కథ వేరే ఉందనీ గుర్తుచేసినట్టవుతుంది.

చిన్న తరగతుల్లోనూ ఇలాంటి ఖాళీలు పెట్టవచ్చు. ఏడు చేపల కథ వినని తెలుగు పిల్లలు అరుదు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒక చేప ఎండలేదు. ఎందుకంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. మోపు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు. అలా ఆవు నుంచి పాలేరుకు, పాలేరు నుంచి బువ్వ పెట్టని అవ్వకు, అవ్వ నుంచి ఏడ్చే పిల్లవాడికి, వాడి నుంచి కుట్టిన చీమకు కథ సాగుతుంది. ఈ కథ చెప్పాక 'రాజుకు ______ కొడుకులు' అని అడగొచ్చు. జవాబు కథ పేరు చూస్తేనే తడుతుంది, కథ వినకపోయినా చెప్పేయవచ్చు. 'చేప ఎండకుండా ______ అడ్డమొచ్చింది' అని అడగొచ్చు. కథ విన్నవాళ్లు చెప్పగలరు. మూడోది ఇలా అడిగి చూడండి: 'చీమ ఆ పిల్లవాణ్ణి కుట్టకపోయి ఉంటే, ఆ రోజు చేప ______.' ఇక్కడ పిల్లలు ఒక్క క్షణం ఆగుతారు. కథను చివరి నుంచి మొదటికి నడవాలి. చీమ కుట్టకపోతే పిల్లవాడు ఏడవడు, వాడు ఏడవకపోతే అవ్వ బువ్వ పెట్టేది, పాలేరు ఆవును మేపేవాడు, మోపు అక్కడ ఉండేది కాదు. ఎండేది అని తరగతి తరగతంతా ఒక్కసారిగా అరుస్తుంది. ఆ వాక్యం కథలో ఎక్కడా లేదు, కానీ కథ మొత్తం ఆ వాక్యంలో ఉంది.

మూడు ఖాళీలూ ఒకే కథ మీద పెట్టినవే, గీత పొడవు కూడా ఒకటే. మొదటిది పిల్లల నుంచి ఏమీ అడగలేదు. రెండోది జ్ఞాపకాన్ని అడిగింది. మూడోది కథలో ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో అడిగింది. మూడోది పెట్టాలంటే ముందు ఆ ముడి మనకు కనబడాలి. అందుకే అది పావుగంటలో రాదు.

జ్ఞాపకం పనికిరాదని నేననడం లేదు. ఎక్కాలు నోటికి రావాలి. మూలకాల సంకేతాలు గుర్తుండాలి. ఉత్పలమాలలో యతి పదో అక్షరం దగ్గర పడుతుందని తెలియని పిల్లకు పద్యం నడక పట్టుబడదు. అలాంటివి సూటిగా అడగాల్సిందే. కానీ జ్ఞాపకం పెట్టుకున్నది ఎందుకు పనికొస్తుందో కూడా ఖాళీయే చూపించగలదు. ఉత్వ సంధికి పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణనే మళ్లీ అడిగితే పిల్ల ఆ ఉదాహరణను గుర్తుచేసుకుంటుంది, సూత్రం జోలికి పోదు. 'ఫోను + ఎత్తాడు = ______' అని అడిగి చూడండి. ఏ వ్యాకరణ పుస్తకంలోనూ ఫోను ఉండదు. ఫోనెత్తాడు అని రాసిన పిల్ల, ఇంట్లో రోజూ తాను మాట్లాడే మాటలోనే ఆ సూత్రం ఉందని మొదటిసారి గమనిస్తుంది. నాకు తెలిసి వ్యాకరణం మీద ఇష్టం పుట్టేది అలాంటి క్షణాల్లోనే.

ఖాళీ పూరించడానికీ అర్థం చేసుకోవడానికీ ఉన్న ఈ సంబంధాన్ని 19వ శతాబ్దపు చివరిలోనే ఒకాయన గట్టిగా పట్టుకున్నాడు. మనిషి నేర్చుకున్నది ఎంత త్వరగా మరిచిపోతాడో కొలిచి చూపించిన జర్మన్ మనోవైజ్ఞానికుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ ఆయన. ఉదయం పూట ఏకబిగిన సాగే తరగతుల వల్ల పిల్లలు ఎంత అలసిపోతున్నారో తేల్చమని బ్రెస్లౌ నగర పాఠశాలల అధికారులు అడిగారు. ఆయన అంకెలు గుర్తుపెట్టుకోవడం, లెక్కలు చేయడంతో పాటు ఇంకో పరీక్ష కూడా పెట్టాడు. ఒక గద్యభాగంలో అక్కడక్కడ మాటలూ అక్షరాలూ తీసేసి, కొద్ది నిమిషాల్లో నింపమన్నాడు. 1897లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మూడింటిలో ఈ మూడో పరీక్షే, బడిలో ఏ పిల్ల ఎలా చదువుతోందన్నదానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది. చెదిరిన ముక్కలను కలిపి ఒక అర్థంగా చేసుకోవడమే తెలివి అని ఆయన నమ్మకం. ఖాళీ ఉన్న వాక్యం అచ్చంగా అదే పని చేయిస్తుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1905లో, ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే తయారుచేసిన తెలివి పరీక్షల్లోనూ ఖాళీలు చోటు చేసుకున్నాయి. మనం తేలిగ్గా చూసే ఈ ప్రశ్న పుట్టుకలోనే ఇంత ఆలోచన ఉంది.

1953లో అమెరికాలో విల్సన్ టేలర్ ఈ ఖాళీని ఇంకో వైపుకు తిప్పాడు. ఒక రచనలో ప్రతి ఐదో మాటా తీసేసి పాఠకుల చేత నింపించాడు. ఆయన కొలవాలనుకున్నది పాఠకుణ్ణి కాదు, రచనను. ఎక్కువమంది సరిగ్గా నింపగలిగితే ఆ రచన చదవడానికి సులువుగా ఉన్నట్టు, నింపలేకపోతే కొరుకుడు పడనట్టు. ఉపాధ్యాయులకు ఇందులో పెద్ద పాఠం ఉంది. తరగతిలో సగం మంది ఒక ఖాళీ నింపలేకపోతే పిల్లలు చదవలేదని వెంటనే అనేస్తాం. ఆ పాఠం రాసిన తీరులోనో, మనం చెప్పిన తీరులోనో తప్పుందేమో చూడటం కూడా మన పనే.

టేలర్ పద్ధతిని తెలుగులోకి ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోలేం. ఇంగ్లిషులో ఐదో మాట తీస్తే చాలాసార్లు చిన్న చిన్న మాటలు పోతాయి, వాక్యం నడక తెలిసిన ఎవరైనా వాటిని నింపగలరు. తెలుగులో ఆ చిన్న మాటలు విడిగా నిలబడవు, విభక్తులై నామవాచకానికి అతుక్కుంటాయి. ఏ మాట తీసినా దానితో పాటు బరువు పోతుంది. కాబట్టి తెలుగులో ఖాళీ పెట్టేవాళ్లు తెలుగు వాక్యాన్ని చూసి పెట్టాలి.

ఆ విభక్తుల దగ్గర జాగ్రత్త చాలా కావాలి. 'ప్రాణహిత ______కి ఉపనది', 'తుంగభద్ర ______కు ఉపనది' అన్న రెండు ఖాళీలు చూడండి. గోదావరికి, కృష్ణకు అని రాస్తాం. ఇకారంతో ముగిసే మాటకు 'కి', మిగతావాటికి 'కు' అన్న అలవాటు చెవిలో ఉన్న పిల్ల, నదుల గురించి ఏమీ తెలియకపోయినా, రెండు జవాబులూ పెట్టేస్తుంది. ఖాళీ పక్కనున్న ఒక్క అక్షరం రహస్యం చెప్పేసింది. 'తుంగభద్ర ______ నదికి ఉపనది' అంటే ఆ చిక్కు తీరుతుంది. 'ని', 'ను'ల సంగతీ అంతే. విభక్తిని అసలు తీసేసి ఉత్త గీత మాత్రం ఉంచితే ఇంకో ఇబ్బంది. ఒక పిల్ల కృష్ణ అని, మరో పిల్ల కృష్ణకు అని రాస్తుంది. పరీక్షిస్తున్నది భూగోళమైతే రెండిటికీ మార్కు వేయాలని ముందే నిర్ణయించుకోవాలి.

ఖాళీ వాక్యం చివర ఉంటే మంచిదంటారు. నిజమే. అక్కడికి వచ్చేసరికి తననేం అడుగుతున్నారో పిల్లకు పూర్తిగా తెలిసి ఉంటుంది. తెలుగులో చివరి చోటు క్రియది కదా అనిపించవచ్చు. కానీ క్రియ లేకుండానే నిండుగా నిలబడే వాక్యం మన భాషకు ఉంది. '______ అనే వాయువు కిరణజన్య సంయోగక్రియలో విడుదలవుతుంది' అన్న వాక్యాన్ని పిల్ల గీతతోనే మొదలుపెట్టాలి, చివరిదాకా చదివి మళ్లీ వెనక్కి రావాలి. 'కిరణజన్య సంయోగక్రియలో విడుదలయ్యే వాయువు ______' అంటే చూపు సాఫీగా జవాబు దగ్గరికి చేరుతుంది. వాక్యంలో ఒక్క ఖాళీ చాలు, మరీ అవసరమైతే రెండు. '______లో ______ను ______ కనుగొన్నాడు' లాంటివి చూస్తే పిల్లలకు పట్టుకోవడానికి కొమ్మ కూడా మిగలదు.

ఇక జవాబు సంగతి. ఆ వాయువుకు తెలుగు పిల్లల దగ్గర ఎన్ని పేర్లున్నాయో ఆలోచించండి. ఒకరు ఆక్సిజన్ అని రాస్తారు, ఒకరు ప్రాణవాయువు అని రాస్తారు. తాతగారి పాత పుస్తకం తిరగేసిన పిల్ల ఆమ్లజని అని రాసినా రాయొచ్చు. పత్రహరితం అన్నా క్లోరోఫిల్ అన్నా ఆకులో ఉన్నది అదే. కీ రాసేటప్పుడే ఈ పేర్లన్నీ పక్కపక్కన రాసి పెట్టుకోవాలి. దీర్ఘం పడని చోట, ఒత్తు తప్పిన చోట ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. తెలుగు పరీక్షలో అక్షరదోషం దోషమే. సామాన్యశాస్త్రంలో పిల్లకు విషయం తెలిసిందా లేదా అన్నదే చూడాలి. కొలతలు ఉన్నచోట ప్రమాణాన్ని ఖాళీ బయటే రాయాలి. 'నీరు ______ డిగ్రీల వద్ద మరుగుతుంది' అంటే 100 ఒప్పే, ఫారెన్‌హీట్‌లో 212 కూడా ఒప్పే. 'సముద్రమట్టం వద్ద స్వచ్ఛమైన నీరు ______ డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది' అన్న వాక్యం పొడుగే, కానీ అది నిజం చెబుతుంది. కాలంతో మారే విషయాలకు కాలం కూడా చెప్పాలి. తెలంగాణ ఏర్పడిన 2014లో అక్కడ 10 జిల్లాలు, 2016లో 31, 2019 నుంచి 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏడాది చెప్పకుండా జిల్లాల సంఖ్య అడిగి, పాత పుస్తకం చదివిన పిల్లను తప్పు పట్టడం న్యాయం కాదు.

లెక్కల్లో ఈ న్యాయం ఇంకా సున్నితమైనది. '1, 2, 4, 8, 16, ______' అని ఇస్తే అందరం 32 అంటాం. కానీ ఒక వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండిటినీ గీతలతో కలుపుతూ, ఏ మూడు గీతలూ లోపల ఒకే చోట కలవకుండా చూసుకుని, వృత్తం ఎన్ని ముక్కలైందో లెక్కపెడితే, ఒక బిందువుకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16 వస్తాయి. ఆరు బిందువులకు మాత్రం 31 వస్తాయి. 31 అని రాసిన పిల్ల తప్పు రాసినట్టా? నియమం చెప్పకుండా వరుస ఇవ్వడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 'ప్రతి సంఖ్యా దాని ముందున్న సంఖ్యకు రెట్టింపు' అన్న ఒక్క వాక్యం జతచేస్తే అందరికీ ఒకే మైదానం దొరుకుతుంది. లేదంటే, ఖాళీ పక్కనే 'ఎందుకు?' అని ఇంకో గీత గీసి, కారణం సరైనదైతే ఏ సంఖ్యకైనా మార్కు ఇవ్వాలి. రెండోది నాకు ఎక్కువ ఇష్టం.

అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడి మర్యాద ఇక్కడ గుర్తొస్తుంది. ఆయన ఇచ్చే పాదం మొదట వినగానే అసంబద్ధంగా తోచవచ్చు. కానీ దాన్ని సంబద్ధం చేసే దారి ఒకటుందని ఆయనకు ముందే తెలిసి ఉండాలి. దారి లేని సమస్య ఇవ్వడం పృచ్ఛకుడికి గౌరవం కాదు. ఖాళీ పెట్టే ఉపాధ్యాయుడు కూడా, పిల్ల ఏ దారిలో నడిచి జవాబు చేరుతుందో తాను ఒకసారి నడిచి చూడాలి. పేపరు రాసిన మర్నాడు పుస్తకం పక్కన పెట్టి తన ఖాళీలు తానే నింపి చూసుకుంటే చాలా లోపాలు బయటపడతాయి. ఆ పాఠం చెప్పని ఇంకో ఉపాధ్యాయుడి చేత నింపిస్తే మిగిలినవీ పడతాయి. ఆయన ఏమీ తెలియకుండానే నింపేస్తే ఆ ఖాళీ దండగ. ఆయన ఇంకో నిజం రాస్తే ఆ ఖాళీ సరిగా లేనట్టు.

అన్నిటికంటే నా మనసును ఎక్కువగా పట్టే సంగతి ఇంకొకటుంది. చిన్న తరగతుల ఖాళీల్లో మనకు తెలియకుండానే మన ఇల్లు దూరుతుంది. 'అమ్మ ______ చేస్తుంది.' కీలో వంట అని ఉంటుంది. ఒక పిల్ల కూలి అని, ఒక పిల్ల ఉద్యోగం అని రాయవచ్చు. 'రైతు ______తో పొలం దున్నుతాడు.' కీలో నాగలి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి పొలంలో ట్రాక్టరునే చూసిన పిల్ల ట్రాక్టరు అని రాస్తుంది. 'నాన్న రోజూ ______ వెళ్తాడు.' ఈ ఖాళీని జగిత్యాల వైపు పల్లెలోనో, కోనసీమలోనో తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్ల ముందు పెట్టి చూడండి. 'రోజూ' అన్న మాటను దాటేసి దుబాయి అని రాస్తుంది, లేదా గీతను అలాగే వదిలేస్తుంది. ఆ ఖాళీ ఒక పిల్ల ఇంటిని లెక్కలోకి తీసుకోకుండా రాసింది. ఆ పిల్ల జవాబుకు ఎర్ర సిరా పెట్టే హక్కు ఎవరికీ లేదు. పిల్లల ఇళ్ల గురించి అడిగే ఖాళీలకు ఒకే జవాబు ఉండదు. వాటిని పరీక్షలో పెట్టకూడదు, తరగతిలో కబుర్లుగా అడగాలి. అక్కడ ప్రతి జవాబూ ఒప్పే అవుతుంది, ప్రతి జవాబు వెనకా ఒక కథ వస్తుంది.

ఇంత కష్టం ఎందుకు, నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఓఎంఆర్ పత్రాలు వచ్చాక లక్షల మంది రాసే పరీక్షల్లో ఆ పద్ధతి తప్పనిసరైంది. కంప్యూటరు గడుల్ని సులువుగా చదువుతుంది, చేతిరాతను అంత సులువుగా చదవలేదు. కానీ తరగతి గదిలో ఆ ఒత్తిడి లేదు. 1950ల్లో బోధన యంత్రాలు తయారుచేసిన బి.ఎఫ్. స్కిన్నర్, పిల్లలు ఎంచుకోవడం కంటే జవాబును తామే రాయాలని పట్టుబట్టాడు. నమ్మేలా ఉన్న తప్పు జవాబులను పిల్ల ముందు పరవడం మంచిది కాదని ఆయన వాదన. ఆయన మిగతా సిద్ధాంతాలతో నాకు పేచీలున్నా ఈ మాట నాకు నచ్చుతుంది. నాలుగింటిలో ఒకటి గుర్తించడం వేరు, ఖాళీ గీత మీద తన లోపలి నుంచి ఒక మాట తెచ్చి పెట్టడం వేరు. ఇంకా సొంతంగా పేరాలు రాయలేని వయసులో పిల్ల చేసే మొదటి రచన ఆ ఒక్క మాటే.

ఈ మధ్య యంత్రాలు కూడా ఖాళీలతోనే భాష నేర్చుకుంటున్నాయి. 2018లో గూగుల్ పరిశోధకులు తయారుచేసిన బెర్ట్ అనే నమూనాకు కోట్లాది వాక్యాలు చూపించి, నూటికి 15 చొప్పున మాటల ముక్కలు దాచి, అవేమిటో కనుక్కోమన్నారు. చుట్టూ ఉన్న మాటలను బట్టి దాచిన మాటను పట్టుకోవడంలో అది ఆరితేరింది. ఈ సంగతి విన్నప్పుడు నాకు బిట్ బ్యాంకులే గుర్తొచ్చాయి. వాక్యం మొదలు చూడగానే దాని తోక చెప్పేసే నేర్పు ఇక యంత్రానికి వదిలేయవచ్చు. మన పిల్లలకు కావలసింది నదినీ, పటాన్నీ, పల్లాన్నీ మనసులో చూసి జవాబు చెప్పే నేర్పు. అది నేర్పే ఖాళీలు పెట్టాల్సిన బాధ్యత మనకు మునుపటికంటే పెరిగింది.

నా తరగతిలో నాకు బాగా కలిసొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. పాఠం అయ్యాక ఖాళీలు పిల్లల చేతే రాయించడం. ఇద్దరిద్దరు కూర్చుని ఖాళీలు రాసి పక్కవాళ్లకు ఇస్తారు. ఒకే షరతు. ఎవరైనా రెండో ఒప్పు జవాబు చూపిస్తే ఆ ఖాళీని రాసినవాళ్లే సరిదిద్దాలి. మొదట్లో అందరూ పేర్లూ తేదీలే తీస్తారు, మనం అలవాటు చేసింది అదే కదా. కొంతకాలానికి చూపు మారుతుంది. నీటి వనరుల పాఠం అయ్యాక ఒక జంట 'వాన పడని ఏడాది మా ఊరి చెరువు ______' అని రాసింది. వాళ్లనుకున్న జవాబు ఎండిపోతుంది. పక్క బెంచీ అమ్మాయి ఒప్పుకోలేదు.

"సార్, మన చెరువుకి కాలువ నీళ్లొస్తాయి కదా, వాన పడకపోయినా నిండుతుంది."

"ఎగువన వాన లేకపోతే కాలువకి మాత్రం నీళ్లెక్కడివి?" అని వీళ్లు ఎదురడిగారు.

గంట కొట్టేదాకా వాదన సాగింది. కాలువ ఎక్కడి నుంచి వస్తుంది, ఆనకట్ట ఎక్కడుంది, ఎగువ అంటే ఏ జిల్లాలు అని పటం దాకా వెళ్లింది. చివరికి ఆ జంట వాక్యాన్ని ఇలా దిద్దుకుంది: 'మన ఊళ్లో వాన పడకపోయినా ఎగువన పడితే చెరువు నిండుతుంది, ఎందుకంటే ______.' ఇందులో జవాబు ఒక్క మాట కాదు కాబట్టి ఇది పరీక్షలో బిట్టుగా పనికిరాదు. కానీ ఆ పాఠం మీద నేను పెట్టిన ఏ ప్రశ్న కంటే ఇది మంచి ప్రశ్న. ఏ మాట దాచాలో తేల్చుకోవడానికి వాళ్లు పాఠమంతా ఆలోచించాల్సి వచ్చింది.

తోటి ఉపాధ్యాయులకు నేను చెప్పగలిగింది ఇంతే. ఖాళీలు రాసే ముందు పుస్తకం మూసేయండి. ఈ పాఠం వల్ల పిల్లలకు ఏం తెలియాలో మీ సొంత మాటల్లో ఒక వాక్యం రాయండి. ఏ మాట లేకపోతే ఆ వాక్యం కూలిపోతుందో చూడండి. పాఠం విన్న పిల్ల ఆ మాట దగ్గరికి చేరగలదా, పాఠం వినని పిల్ల అడ్డదారిలో చేరిపోతుందా, మరో ఇంటి పిల్ల ఇంకో నిజం రాయగలదా అని అడిగి చూసుకోండి. ఈ మూడు ప్రశ్నలకూ నిలిచిన ఖాళీలు పది దొరకకపోతే ఐదే పెట్టండి. ఆ ఐదింటికి జవాబు రాస్తూ పిల్ల పాఠాన్ని మొదటిసారి తనంతట తానుగా ఆలోచిస్తుంది. చదువు చెప్పడం పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఆగిపోకూడదు. మంచి ఖాళీ ఉన్నచోట అది లోపల కూడా సాగుతుంది.